ఎయిర్ ఫిల్టర్ కింద ఫోమ్ పొర: ఒక పెట్రోల్ కారులో లీన్ కోడ్ వెనుక దొరికిన దుమ్ము దారి

వాహనం, ఫిర్యాదు

ఇది 1.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారు. దీని ఎయిర్ బాక్స్ దీర్ఘచతురస్రాకారపు ప్లాస్టిక్ పెట్టె. బయటి గాలి కింది అరలోకి వచ్చి, మడతలు పెట్టిన పేపర్ ఫిల్టర్ గుండా పైకి లేచి, మూత నుంచి బయలుదేరే గొట్టంలోకి వెళ్తుంది. లోపలికి వెళ్లే గాలి ద్రవ్యరాశిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్, అంటే ఎంఏఎఫ్, ఆ గొట్టం మొదట్లోనే ఉంది. ఈ అమరికను ముందే చెప్పడానికి కారణం ఉంది. ఫిల్టర్ అంచు దగ్గర ఏ లోపం జరిగినా అది సెన్సర్‌కు ముందే జరుగుతుంది కాబట్టి, అక్కడ దొంగదారిన దూరిన గాలిని కూడా సెన్సర్ లెక్కలోకి తీసుకుంటుంది.

కారు రోజూ తారు వేయని దారిలో, కంకర మోసే లారీల వెనుక నడుస్తుంది. పేపర్ ఫిల్టర్ మాన్యువల్‌లో చెప్పిన గడువుకు చాలా ముందే పూడిపోతుండడంతో, యజమాని ఎవరి సలహా మీదనో ఒక ఫోమ్ షీటు కొని, ఫిల్టర్ కొలతకు కత్తిరించి, దాని కింద, అంటే గాలి వచ్చే వైపు, అమర్చుకున్నారు. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఫోమ్‌ను తీసి దులిపినప్పుడల్లా గుప్పెడు మట్టి రాలుతుండడం చూసి, పెట్టిన ఖర్చు వృథా కాలేదని ఆయన సంతోషించారు. తరువాత చెక్ ఇంజిన్ దీపం వెలిగింది, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గింది. స్కాన్ టూల్‌లో కనిపించిన కోడ్ పీ 0171, అంటే మిశ్రమంలో గాలికి తగినంత ఇంధనం లేదని (మిశ్రమం లీన్‌గా ఉందని) కంప్యూటర్ చేసిన ఫిర్యాదు.

నిర్ధారణ

ఈ కోడ్ వచ్చినప్పుడు చాలామంది మొదట వాక్యూమ్ లీకు కోసం, అంటే సెన్సర్ లెక్కకు రాకుండా ఇంజిన్‌లోకి గాలి చొరబడే సందు కోసం, వెతుకుతారు. అది న్యాయమే, కానీ ఫ్యూయెల్ ట్రిమ్, అంటే మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, ఏ స్థితిలో పెరుగుతోందో చూస్తే ఆ వెతుకులాట చాలావరకు తగ్గుతుంది. ఇంజిన్‌కు వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ కవాటం తరువాత లీకు ఉంటే ట్రిమ్ ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, ఇంజిన్ పీల్చే గాలి పెరిగే కొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే లీకు ద్వారా వచ్చే గాలి మొత్తంలో చిన్న భాగమైపోతుంది. ఈ కారులో అందుకు సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకు దగ్గరగా ఉండగా, లోడ్ పెంచిన కొద్దీ అది ప్లస్ 20 శాతం వైపు నడిచింది. అలా పెరగడానికి రెండు కారణాలు ముఖ్యం: ఇంధన పీడనం చాలకపోవడం, లేదా ఎంఏఎఫ్ ఉన్న గాలికంటే తక్కువ చూపడం. పీడనం గేజి పెట్టి చూస్తే లోడ్ మీద కూడా నిలకడగానే ఉంది.

ఎంఏఎఫ్ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సాధారణ గుణకారం చాలు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. 1.5 లీటర్ల ఇంజిన్ 5000 ఆర్‌పీఎమ్ దగ్గర పూర్తి థ్రాటిల్‌తో, 85 శాతం నిండుదనంతో నడిస్తే నిమిషానికి సుమారు 3200 లీటర్లు, సెకనుకు 53 లీటర్లు, బరువులో సెకనుకు 60 గ్రాములకు కొంచెం పైన రావాలి. సెన్సర్ 50 దాటడం లేదు.

పొరపాటు పడే చోటు ఇదే. ఫిల్టర్ పూడిపోయినా ఎంఏఎఫ్ అంకె తగ్గుతుంది. కానీ అప్పుడు గాలి నిజంగానే తగ్గింది కనుక, కంప్యూటర్ దానికి తగినంత ఇంధనమే పోస్తుంది, ట్రిమ్ మామూలుగా ఉంటుంది, శక్తి మాత్రం పడిపోతుంది. అంకె తగ్గి, దానితోపాటు ట్రిమ్ పెరిగితే సెన్సర్ అబద్ధం చెబుతోందని అర్థం. ఫిల్టర్ పూడిక వల్ల ఇంధనం ఎక్కువ తాగుతుందన్న నమ్మకం కార్బురేటర్ కాలం నాటిది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో ఆధునిక ఇంజెక్షన్ కార్ల మీద చేసిన పరీక్షలో, ఫిల్టర్‌ను బాగా మూసినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేగం అందుకునే సమయం మాత్రం పెరిగింది.

సెన్సర్‌ను విప్పి టార్చి కింద చూస్తే వేడి తీగ మీద సన్నని బూడిదరంగు పూత కనిపించింది. ఆ పూత తీగకూ గాలికీ మధ్య తెరగా నిలిచి, గాలి తీసుకుపోవలసిన వేడిని ఆపుతుంది. దాంతో సెన్సర్ తక్కువ గాలి చూపుతుంది. పేపర్ ఫిల్టర్ చిరగలేదు, మడతలు వంగలేదు. అయినా దాని తరువాత ఉండాల్సిన శుభ్రమైన గొట్టంలోకి ఈ పూత ఎలా చేరిందన్నదే అసలు ప్రశ్న.

ఎయిర్ బాక్స్ లోపల

మూత క్లిప్పులు నాలుగింటిలో రెండు తీసేటప్పుడు మామూలు కంటే గట్టిగా ఎగిరాయి. అంటే మూతను ఏదో కింది నుంచి పైకి నెడుతోంది. ఫిల్టర్ చుట్టూ ఉండే మెత్తని పాలీయురేథేన్ అంచు కింది పెట్టెకూ మూతకూ మధ్య నలిగి గాలి బిగుతు ఇస్తుంది. యజమాని వేసిన ఫోమ్ 12 మిల్లీమీటర్ల మందం, పైగా దాన్ని మడతల వరకే కాక అంచు దాకా కత్తిరించారు. మూల దగ్గర ఆ ఫోమ్ అంచు కిందికి చేరి, అంచును ఒక వైపు ఎత్తిపెట్టింది. అదే మూలలో, మూత లోపలి గోడ మీద, అంచు నుంచి మొదలై గొట్టం నోటి వైపు విసనకర్రలా విచ్చుకున్న దుమ్ము చార ఉంది. మిగిలిన మూడు మూలలు శుభ్రంగా ఉన్నాయి.

సందు ఎంతో కాదు. సుద్దముక్కను మూత పెదవి మీద రుద్ది, మూత బిగించి తీస్తే, అంచు మీద తెల్లని గీత చుట్టూ పడి ఆ మూల దగ్గర మాత్రం మూడు సెంటీమీటర్ల మేర తెగిపోయింది. సందులను కొలిచే పలుచని లోహపు రేకు, అంటే ఫీలర్ గేజి, అక్కడ అర మిల్లీమీటర్ దూరింది. ఇంత చిన్న సందు ఏం చేస్తుందిలే అనిపించవచ్చు కాబట్టి లెక్క వేసి చూడడం మంచిది. 30 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటర్ వెడల్పు అంటే 15 చదరపు మిల్లీమీటర్లు. ఫిల్టర్ రెండు వైపుల మధ్య పీడన తేడా ఒక కిలో పాస్కల్ ఉంటే, ఆ సందులో గాలి సెకనుకు దాదాపు 25 మీటర్ల సగటు వేగంతో దూసుకుపోయి, సెకనుకు మూడో వంతు లీటరుకు కొంచెం ఎక్కువే లోపలికి పంపుతుంది. 53 లీటర్లలో అది 0.7 శాతం. మంచి పేపర్ ఫిల్టర్ 99 శాతం దుమ్మును ఆపుతుందనుకుంటే, దాని గుండా లోపలికి పోయేది 1 శాతం. కనుక ఈ గోరంత సందు ఇంజిన్‌లోకి వెళ్లే దుమ్మును 70 శాతం పెంచుతుంది, ఫిల్టర్ 99.5 శాతం ఆపేదైతే రెట్టింపు కన్నా ఎక్కువ చేస్తుంది. అందులో పేపర్ గుండా ఎన్నడూ రాని ముతక రేణువులు కూడా ఉంటాయి.

ఫోమ్ పూడిన కొద్దీ ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. సందు గుండా పోయే గాలి పీడన తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది. తేడా రెట్టింపైతే ఆ గాలి 1.4 రెట్లవుతుంది. ఎక్కువ దుమ్మును ఆపాలని వేసిన పొర, ఎక్కువ ఆపిన కొద్దీ, ఆపని దారిలోకి ఎక్కువ గాలిని తోస్తుంది.

ఈ లోపాన్ని ఏ కోడూ నేరుగా చెప్పదు. ఈ కారులో ఎంఏఎఫ్ మీద పూత పేరుకుంది కాబట్టి దీపం వెలిగింది. సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోని (మానిఫోల్డ్) పీడనాన్ని బట్టి గాలిని లెక్కగట్టే ఇంజిన్లలో ఆ సెన్సరే ఉండదు. అటువంటి కారులో ఈ సందు పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ తాగడం మొదలయ్యేదాకా మౌనంగానే ఉంటుంది.

ఫోమ్ నిజానికి ఏం ఆపుతుంది

గుప్పెడు మట్టి రాలడం చూసి ఫోమ్ గొప్పగా పనిచేస్తోందని అనుకోవడం సహజమే, కానీ ఆ మట్టిలో ఎక్కువ భాగం పేపర్ కూడా ఏ కష్టం లేకుండా ఆపేదే. ఫోమ్‌ను అంగుళానికి ఎన్ని రంధ్రాలన్న లెక్కన, అంటే పీపీఐలో, వర్గీకరిస్తారు. 30 పీపీఐ ఫోమ్‌లో ఒక్కో గది సుమారు 0.85 మిల్లీమీటర్లు, 60 పీపీఐలో 0.42 మిల్లీమీటర్లు. సిలిండర్ గోడను ఎక్కువగా అరగదీసేవి 5 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులని ఇంజిన్ పనివారు ఒప్పుకుంటారు, ఎందుకంటే అవి రింగుకూ గోడకూ మధ్యనుండే ఆయిల్ పొర మందానికి దగ్గరగా ఉంటాయి. 420 మైక్రాన్ల గదిలోంచి 10 మైక్రాన్ల రేణువు ఎలా పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఫోమ్ జల్లెడలా పని చేయదు. గాలి వంకరలు తిరుగుతున్నప్పుడు బరువైన రేణువు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకుని నిలుస్తుంది. తేలికైనది గాలితోపాటు మలుపు తిరిగిపోతుంది.

పైగా ఫోమ్‌కు మడతలు లేవు. ఈ కారు ఫిల్టర్ ముఖం సుమారు 25 సెంటీమీటర్లకు 20 సెంటీమీటర్లు, అంటే 0.05 చదరపు మీటర్లు. అదే ముఖంలో 5 సెంటీమీటర్ల ఎత్తున్న 30 మడతలు విప్పితే పేపర్ 0.6 చదరపు మీటర్లవుతుంది. అందుచేత ఒకే గాలి పేపర్ గుండా సెకనుకు 10 సెంటీమీటర్లకన్నా తక్కువ వేగంతో నెమ్మదిగా పోతే, దాని ముందున్న ఫోమ్ గుండా మీటరు వేగం దాటి పోతుంది. ముతక రేణువులు కొట్టుకోవడానికి ఈ వేగం పనికివస్తుంది, కానీ పొడి ఫోమ్‌లో ముందు పట్టుకున్న దుమ్మును ఊడగొట్టి ముందుకు తోయడానికీ ఇదే పనికివస్తుంది.

దీన్ని మించిన విషయం పేపర్ మీద ఏర్పడే దుమ్ము పొరకు సంబంధించినది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. కొత్త పేపర్ ఫిల్టర్ సామర్థ్యం మొదట్లో కొంచెం తక్కువగా ఉండి, మీద దుమ్ము పొర కట్టిన కొద్దీ పెరుగుతుంది, ఆ పొర తానే వడపోత అవుతుంది కాబట్టి. ముతక, సన్న రేణువులు కలిసి కట్టిన పొర వదులుగా ఉండి గాలిని పోనిస్తుంది. ముతకను ఫోమ్ ముందే తీసేస్తే పేపర్‌కు సన్నని పొడి మాత్రమే మిగులుతుంది, ఆ పొడి దట్టంగా పరుచుకుంటుంది. రేణువు పరిమాణం సగమైతే అటువంటి పొర గాలికి పెట్టే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. ఫిల్టర్ల ప్రయోగశాల పరీక్షకు వాడే ఐఎస్ఓ 5011 పద్ధతిలో సన్న ధూళి, ముతక ధూళి వేరువేరుగా ఉండడానికి కారణం కూడా ఇలాంటిదే. ఒకే ఫిల్టర్ ముతక ధూళిని బరువులో ఎక్కువ మోసి, సన్న ధూళిని తక్కువ మోసి పూడిపోతుంది. కాబట్టి ఫోమ్ సగం బరువు ఆపినంత మాత్రాన పేపర్ ఆయుష్షు రెట్టింపు కాదు. పెరుగుతుంది, కానీ తూకం చూపినంత పెరగదు.

అమరికల పోలిక

సెన్సర్‌ను దానికోసమే తయారైన స్ప్రేతో శుభ్రం చేసి, గొట్టాలు తుడిచి, కొత్త పేపర్ ఫిల్టర్ వేశాక, వేర్వేరు అమరికలను నీటి మానోమీటర్‌తో పోల్చాను. పారదర్శకమైన గొట్టాన్ని ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో పలక మీద బిగించి, రంగునీళ్లు పోసి, ఒక కొనను ఫిల్టర్ తరువాతి గొట్టానికి కలిపితే చాలు; 102 మిల్లీమీటర్ల నీటి మట్టం ఒక కిలో పాస్కల్. బండిని నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి కొలిస్తే ఏమీ తేలదు, లోడ్ లేనప్పుడు థ్రాటిల్ కొంచెమే తెరుచుకుంటుంది, గాలి తక్కువే పోతుంది. శుభ్రమైన తారు రోడ్డు మీద మూడో గేరులో పూర్తి థ్రాటిల్‌తో ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర చూడాలి, మట్టాన్ని పక్కన కూర్చున్నవారు చదవాలి. గొట్టం ఇరుకైన చోట కొలిస్తే గాలి వేగం వల్ల కలిగే పీడన తగ్గుదల కూడా అందులో కలుస్తుంది. అందుకే ఈ అంకెలను వేరే బండి అంకెలతో పోల్చరాదు, అదే బండిలో, అదే చోట మాత్రమే పోల్చాలి.

కొత్త పేపర్ ఒక్కదానితో పోలిస్తే, కడిగి ఆరబెట్టిన 12 మిల్లీమీటర్ల సన్నగదుల ఫోమ్ అడ్డును కొంత పెంచింది, డ్రైవరుకు తెలిసేంత కాదు. అదే ఫోమ్ దుమ్ము పట్టిన స్థితిలో మట్టం రెట్టింపుకు చేరింది. తడిపి పిండినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది, బండి లాగడంలో తేడా స్పష్టంగా తెలిసింది. వానలో నీళ్లు చిమ్మిన దారిలో నడిచే బండికి ఇది ఊహించని స్థితేమీ కాదు. ఫోమ్ నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీటిలో దుమ్ము బురదై ఆరాక గట్టిపడుతుంది.

6 మిల్లీమీటర్ల మందం, 30 పీపీఐ ఫోమ్ శుభ్రంగా ఉన్నప్పుడు మానోమీటర్‌లో తేడా చదవడం కష్టమయింది. దుమ్ము పట్టాక పెరిగింది కానీ మొదటి ఫోమ్ అంత కాదు. మూతను అది ఎత్తడం లేదని నిర్ధారించుకోవడానికి, కింది పెట్టెలోని పక్కబద్దల మీద చిన్న మైనపు ముద్దలు పెట్టి, ఫిల్టర్ బిగించి తీసి, నలిగిన ముద్దల మందం కొలిచాను. మడతలకూ బద్దలకూ మధ్య ఈ పెట్టెలో 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. 12 మిల్లీమీటర్ల ఫోమ్ ఎందుకు మూతను నెట్టిందో ఆ ఒక్క కొలత చెబుతుంది.

అమర్చిన విధానం

కంకర లారీల దారి మారేది కాదు కాబట్టి ఈ కారుకు ముతక దుమ్మును ముందే ఆపే పొర ఉండడం సబబే. కొన్ని మోడళ్లకు తయారీదార్లే ఫోమ్‌ను గానీ నేసిన దారపు పొరను గానీ అంచు లోపల అతికించి ఫిల్టర్లు ఇస్తారు. దొరికితే అదే మేలు. ఈ మోడల్‌కు అది దొరకలేదు.

కత్తిరించిన ఫోమ్ అన్ని వైపులా మడతల కన్నా 5 మిల్లీమీటర్లు లోపలికే ఉండాలి. చుట్టూ ఖాళీ మిగిలితే గాలి అందులోంచి పోతుందన్న అనుమానం యజమానికి వచ్చింది. పోతుంది, పోనివ్వాలి. ఫోమ్ పక్కనుంచి పోయిన దుమ్ముకు వెనుక పేపర్ ఉంది. పేపర్ పక్కనుంచి పోయినదానికి వెనుక ఇంజిన్ తప్ప ఏమీ లేదు. ఈ తేడా పట్టుబడితే ఫోమ్‌ను అంచు దాకా సాగదీయాలన్న ఆశ పోతుంది.

ఫోమ్‌ను పొడిగానే ఉంచాను. చిన్న ఇంజిన్ల మాన్యువళ్లలో ఫోమ్ పొరను ఆయిల్‌లో ముంచి పిండమని చెప్పేవి ఉన్నాయి, వద్దనేవీ ఉన్నాయి. అవి తమ తమ అమరికలకు రాసినవి. ఇక్కడ ఫోమ్ మడతలకు ఆనుకుని ఉంటుంది. ఆయిల్ పేపర్‌లోకి పాకి రంధ్రాలను మూస్తుంది, అక్కడినుంచి ఆవిరిగా గానీ తుంపరగా గానీ ఎంఏఎఫ్ తీగను చేరితే మొదటి కథే మళ్లీ మొదలవుతుంది. కడగడానికి సబ్బునీళ్లు చాలు. పెట్రోల్‌తో కడిగితే ఫోమ్ ఉబ్బుతుంది, నిప్పు ప్రమాదం ఎలాగూ ఉంది. పేపర్‌ను మాత్రం కడగరాదు, కంప్రెసర్ గాలి కొట్టరాదు. మడత చిరిగితే కంటికి కనిపించదు.

పాలీయురేథేన్ ఫోమ్ వేడికి, తేమకు కాలం గడిచిన కొద్దీ చివికి పొడవుతుంది. వేలితో నొక్కి వదిలినప్పుడు వెంటనే లేవకపోయినా, గిల్లితే ముక్క ఊడి వచ్చినా దాన్ని పారవేయాలి. ఫోమ్‌ను ఎప్పుడూ దుమ్ము వైపే వేయాలి. పేపర్‌కు అవతల, సెన్సర్ వైపు వేసుకుని వచ్చిన బండ్లు లేకపోలేదు; ఆ ఫోమ్ ఊడిన రోజున తీగ మీదకే వెళ్తుంది.

మూత బిగించాక చేసిన పరీక్ష ఒకటుంది, దీన్ని ప్రతి ఎయిర్ బాక్స్ పని తరువాతా చేయవచ్చు. మూత లోపలి గోడకు, అంచుకు ఒక వేలు పైన, చుట్టూ పలుచగా గ్రీజు పూసి, బండిని దాని మామూలు దారిలో కొన్ని రోజులు నడపనిచ్చి విప్పి చూస్తే, లీకు ఉన్న చోట గ్రీజులో గరుకు తగులుతుంది. గ్రీజు సన్నగా ఉండాలి, లేకపోతే ఎండలో కారుతుంది. ఈసారి చుట్టూ నునుపుగానే ఉంది.

రోజూ తారు రోడ్డు మీదే నడిచే కారుకు ఇదంతా అడిగితే వద్దనే అంటాను. అక్కడి దుమ్ములో ముతక భాగం తక్కువ. 30 పీపీఐ ఫోమ్ ఆకులను, పురుగులను ఆపి మిగతాదంతా వదిలేస్తుంది. ఆ బండికి పేపర్‌ను సకాలంలో మార్చడమే పని. ఎక్కువ దుమ్ములో తిరిగే బండికైనా, ఫోమ్ కన్నా ముందు లారీల వెనుక దూరం పాటించడం, పీల్చే ముక్కు పగలకుండా తన చోటనే ఉందో లేదో చూడడం, ట్రాక్టర్లకు ఉండేలాంటి, ఫిల్టర్ పూడికను చూపే అడ్డు సూచిక ఒకటి గొట్టానికి తగిలించి అది ఎర్రగీతకు వచ్చినప్పుడే ఫిల్టర్ మార్చడం ఎక్కువ మేలు చేస్తాయి.

ఇంజిన్ పరిస్థితి

సిలిండర్లలోకి బోర్‌స్కోప్ (సన్నని కెమెరా గొట్టం) దించితే హోనింగ్ గీతలు, అంటే తయారీలో గోడ మీద గీసే అడ్డదిడ్డపు సన్నగీతలు, ఇంకా కనిపించాయి, వాటి మీద నిలువుగా కొన్ని సన్నని గాట్లు ఉన్నాయి. కంప్రెషన్ నాలుగింటిలో సమానంగా ఉంది. ఆయిల్ నమూనా పరీక్షలో సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి ఎక్కువగా వచ్చాయి. సిలికాన్ ఒక్కటే పెరిగితే గ్యాస్కెట్‌కు పూసే సీలెంట్ నుంచి వచ్చిందేమో అనుకోవచ్చు. అల్యూమినియం కూడా తోడైతే, మట్టిలో ఆ రెండూ కలిసే ఉంటాయి కనుక, దుమ్మునే మొదట అనుమానించాలి. ఇనుము కూడా ఉండవలసిన దానికన్నా పైనే ఉంది.

తరువాతి ఆయిల్ మార్పు నాటి నమూనాలో సిలికాన్, అల్యూమినియం పడిపోయాయి. ట్రిమ్ అన్ని లోడ్ల దగ్గరా సున్నా చుట్టుపక్కలే తిరుగుతోంది. ఇనుము మాత్రం వాటంత తగ్గలేదు. పాత ఆయిల్ కొంత ఇంజిన్‌లో మిగిలిపోయి కొత్తదానిలో కలవడం వల్ల కావచ్చు, గాట్లు పడిన గోడ ఇంకా అరుగుతుండడం వల్ల కావచ్చు. ఒక్క నమూనా ఈ రెండింటినీ విడదీయదు. అందుచేత ఈ బండికి ఆయిల్ గడువును తాత్కాలికంగా సగానికి తగ్గించి, మూడో నమూనా వచ్చేదాకా ఫైలు తెరిచే ఉంచాను.